రోడ్డు కడిగిన నీళ్లను ఎక్కడ ఇంకిద్దాం?

అందరికీ నమస్కారం. పంచాయతీల నుంచి, మున్సిపాలిటీల నుంచి వచ్చిన ఇంజనీర్లు చాలామంది ఉన్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను: వాన నీరు సందుల్లోంచి కిందికి ఇంకే పేవర్ బ్లాకుల రోడ్లు మన దగ్గర ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి అన్నది.

వేసవి పోయాక మొదటి వానకి అమలాపురంలోనో భీమవరంలోనో ఆటో స్టాండు దగ్గర నిలబడి చూడండి. రోడ్డు మీద నల్లటి నీళ్లు పారతాయి. అదంతా ఉత్త మట్టి కాదు. టైర్ల రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలుపుతారు, అరిగేకొద్దీ అది రాలుతుంది. బ్రేకు ప్యాడ్ల నుంచి రాగి వస్తుంది. జింకు పూత రేకుల కప్పుల నుంచి మరికొంత జింకు. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది గానీ, సీసం కుళ్లి మాయమయ్యే వస్తువు కాదు కదా!

నీరు ఇంకే పేవర్ బ్లాకులు ఇక్కడ బాగానే పనిచేస్తాయి. ఈ లోహాల్లో చాలా భాగం సన్నటి దుమ్ముకు అంటుకుని ఉంటుంది. బ్లాకుల సందుల్లో పోసిన సన్న రాతి చిప్స్ ఆ దుమ్మును పై కొన్ని సెంటీమీటర్లలోనే పట్టేస్తాయి. ఆ సందును స్క్రూడ్రైవర్‌తో గీకితే జిడ్డుగా నల్లటి పొడి వస్తుంది. మనకు కావలసింది అదే, అది అక్కడే ఆగాలి. నీళ్లలో కరిగిపోయిన జింకు, రాగి మాత్రం అంత తేలిగ్గా ఆగవు.

ఇక్కడే గోదావరి డెల్టా చిక్కు ఉంది. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు, అడుగున పట్టుకున్న లోహాలను మళ్లీ నీళ్లలోకి వదిలిస్తుంది. మన కాట్రేనికోన, అంతర్వేది వైపు ఆ ఉప్పు ఎవరూ చల్లక్కర్లేదు, భూమిలోనే ఉంది. పైగా వర్షాకాలంలో, కాలువలు నిండుగా పారే రోజుల్లో నాలుగు పారలు మట్టి తీస్తే చాలు, నీళ్లు ఊరతాయి. ఇంటి బోరింగుకీ రోడ్డు నీళ్లకీ మధ్య వడకట్టే నేల ఎంత మిగిలినట్టు?

రాజమండ్రి మెట్ట వైపు ఇంకనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కోనసీమలో మాత్రం బ్లాకుల అడుగున ఉండే రాళ్ల పొర కింద నీరు దిగని షీటు పరిచి, చిల్లుల పైపు వేసి, వడిసిన నీటిని డ్రెయిన్‌లోకి వదలడమే మేలని నా అభిప్రాయం. డ్రెయిన్ నీళ్లు రొయ్యల చెరువుల్లోకి పోతాయని మీరు అడుగుతారు. నిజమే, కానీ ఇప్పుడు పోతున్నవి అసలు వడకట్టకుండానే పోతున్నాయి.

సందులు పూడుకుపోయాయంటే ఈ రోడ్డు మామూలు రోడ్డే. గీకి తీసిన ఆ నల్లటి పొడిని కొబ్బరి చెట్ల మొదట్లో పోయించకండి, అందులో ఉన్నదంతా మళ్లీ నేలకే చేరుతుంది. ఎస్టిమేట్‌లో ఏటా శుభ్రం చేసే ఖర్చు కూడా రాయండి. రాయడం కుదరదంటే ఈ బ్లాకులు వేయకపోవడమే నయం.