పంపిస్తే వచ్చినవాళ్ళతో ఒక రోజు

(బెంగళూరులో శిక్షణ పనిలో ఉన్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఇంటి పనులు పక్కనపెట్టి వచ్చారు, చాలా సంతోషం. మీలో హోసూరు రోడ్డు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళున్నారు, పీణ్యలో సేఫ్టీ చూసేవాళ్ళున్నారు, వైట్‌ఫీల్డ్ కంపెనీల హెచ్‌ఆర్ వాళ్ళున్నారు. పనులు వేరైనా, ఇందాక టీ దగ్గర అందరూ అడిగింది ఒకటే: "కంపెనీ పంపిస్తే ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళు క్లాసులో నోరు విప్పరండీ, వాళ్ళ చేత ఎలా మాట్లాడించాలి?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. వాళ్ళ సంగతి అడిగితే మాట్లాడతారు. మనం ఎక్కువగా అడిగేది మన స్లైడు సంగతి.

దీనికి సాక్ష్యం మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రి పలక పట్టుకుని కూర్చునేవారు. తాగొచ్చిన మగవాళ్ళు ఆ క్లాసులకు అడ్డుపడేవారు. ఆ ఆడవాళ్ళు చదివే వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి, ఆడవాళ్ళంతా ఒక్కటైతే ఏం చేయగలరన్నదాని గురించి పాఠాలుండేవి. అది వాళ్ళ ఇంటి కథే. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్ళో ఆ చర్చ పలక దగ్గర ఆగలేదు, సారా దుకాణం దాకా వెళ్ళింది. సారా మీద ఆ పోరాటం 1992లో జిల్లా అంతా, ఆ తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ గారి పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఆడవాళ్ళని మాట్లాడించడానికి ఎవరూ ఆటలు ఆడించలేదు, చాక్లెట్లు పంచలేదు. పాఠంలో వాళ్ళ బతుకు ఉంది, అంతే.

మన గదికి వద్దాం. గార్మెంట్ ట్రైనింగ్‌లో విరిగిన సూది గురించి తప్పకుండా చెబుతాం. కుడుతుండగా సూది విరిగితే మిషన్ ఆపాలి, ముక్కలన్నీ వెతికి ఇవ్వాలి, అప్పుడే కొత్త సూది ఇస్తారు. ముక్క దొరక్కపోతే అక్కడున్న బట్టలన్నీ పక్కనపెట్టి మెటల్ డిటెక్టర్‌తో చూడాలి. లేకపోతే అది ఏ పసిపిల్ల గౌనులోనో ఉండిపోతుంది. స్లైడు చదివి "అర్థమైందా?" అంటే, "అయింది సార్" అని గదంతా ఒక్కసారే అంటుంది. అక్కడితో క్లాసు అయిపోయినట్టే.

అలా కాకుండా, "ఈమధ్య ఎవరికైనా సూది విరిగిందా అక్కా? అప్పుడేం చేశారు?" అని అడిగి చూడండి. హిందూపురం నుంచి వచ్చిన అక్క ఒకామె మొదలుపెడుతుంది, పక్కామె అందుకుంటుంది. ముక్క వెతికేలోపు ఆ గంట టార్గెట్ పడిపోతుంది, సూపర్‌వైజర్ అరుస్తాడు, దొరకలేదని చెప్పాలంటే భయం. రూలు వాళ్ళందరికీ తెలుసు. అడ్డం వేరేచోట ఉంది. ఆ మాట బయటికొచ్చాక ట్రైనర్ పని కూడా మారుతుంది. సూపర్‌వైజర్లని విడిగా కూర్చోబెట్టి, వెతికిన టైమును టార్గెట్‌లోంచి తీసేసే సంగతి మాట్లాడాలి. అది చేయకుండా అదే స్లైడు ఏటేటా చూపించడం ఆ ఆడవాళ్ళకు అన్యాయం, నేను అలాగే అనుకుంటాను.

పెద్దవాళ్ళు అనుభవం వెంటబెట్టుకుని చదువుకు వస్తారనీ, ఇప్పటి అవసరానికి పనికొచ్చేదే నేర్చుకుంటారనీ 1970లలో మాల్కం నోల్స్ అనే అమెరికన్ విద్యావేత్త గట్టిగా చెప్పారు. అయితే అనుభవం అడగడానికీ సమయం, సందర్భం ఉంటాయి. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం, ఉద్యోగులకు అవగాహన కార్యక్రమాలు ఎప్పటికప్పుడు జరపడం యజమాని బాధ్యత. ఆ క్లాసులో "మీకెవరికైనా ఇలా జరిగిందా?" అని నలుగురిలో దయచేసి అడగకండి. కల్పించిన సంఘటన ఒకటి ఇచ్చి, "ఈ అమ్మాయి స్థానంలో ఉంటే ఎవరికి చెప్పుకోవచ్చు?" అని అడగండి. ఎవరి గాయాన్నీ గదిలో పరచకుండానే చర్చ నడుస్తుంది.

ఇక ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో అమెరికా బడుల్లో గమనించారు: టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. అది పిల్లల సంగతే అయినా మన గదుల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. మనవాళ్ళు కన్నడంలో విన్న ప్రశ్నని తెలుగులో ఆలోచించుకుని, మళ్ళీ ఏ భాషలో చెప్పాలా అని చూసుకోవాలి కదా. "ఏ భాషలోనైనా చెప్పండి, పక్కవాళ్ళు అందుకుంటారు" అని మొదటే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది. ముందు పక్కవాళ్ళతో ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనిచ్చి, తర్వాత అందరిలో చెప్పమంటే ఇంకా నయం. తప్పయినా అది "మేమిద్దరం అనుకున్నాం" అవుతుంది, పరువు పోదు.

పరువు గురించి ఇంకొంచెం చెప్పాలి. నిద్రపోతున్న మనిషిని పేరు పెట్టి లేపి ప్రశ్న అడిగే ట్రైనర్లున్నారు. ఆ మనిషి నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చి ఉండొచ్చు. అందరి ముందు చిన్నబుచ్చితే ఆయన లేస్తాడు, మిగతా ముప్ఫై మంది నోళ్ళూ మూతపడతాయి. అందరినీ నిలబెట్టి, గుంపులుగా గోడ మీద చార్టు రాయించండి. నిద్ర దానంతటదే పోతుంది.

ఎక్కువ మాట్లాడే పెద్దాయనని ఆపడం అంత కష్టం కాదు. "అన్నా, మీది తప్పకుండా వింటాను, ముందు ఇంకో ఇద్దరు చెప్పనివ్వండి" అంటే చాలామంది ఆగుతారు. ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి "ఇవన్నీ మాకు తెలుసు" అన్నాడంటే నిజంగా తెలిసే ఉంటుంది. మార్కర్ ఆయన చేతికిచ్చి, కొత్తవాళ్ళు ఎక్కడ పొరపాటు పడతారో రాయమనండి. మేనేజరు మాత్రం గదిలో ఉండకూడదు. మొదట రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపొమ్మని ముందురోజే అడగాలి. ఆయన వెనక కుర్చీలో ఉన్నంతసేపూ మీకు వినిపించేవన్నీ ఆయన కోసం చెప్పే జవాబులే.

ఫోన్ల గురించి అంతగా పట్టించుకోనక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లల్ని వదిలి వచ్చిన తల్లి ఫోను చూసుకుంటుంది, చూసుకోవాలి కూడా.

చివరి పావుగంట ప్రశ్నలకని వదిలేస్తే ఎవరూ అడగరు, అందరి కళ్ళూ గడియారం మీదే ఉంటాయి. ఆ టైములో కాగితం ఇచ్చి, పుస్తకం చూడకుండా గుర్తున్నవి రాయమనండి. రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళకు చెబుతారు. మళ్ళీ చదువుకోవడం కన్నా ఇలా గుర్తుచేసుకుంటేనే ఎక్కువ రోజులు నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగాల్లో తేలింది. కాగితం వెనక ఇంకొక్క సంగతి రాయించండి: రేపు దీన్ని పనిలో పెట్టడానికి అడ్డం వచ్చేదేమిటి? పేర్లు వద్దు. వాటిని కలిపి మేనేజ్‌మెంట్‌కి ఇచ్చి, వాళ్ళు ఏమన్నారో వచ్చే క్లాసు మొదట్లో ఆ గదికే చెప్పండి. కుదరదన్నా సరే, అదే చెప్పండి.

ఐదున్నరకు కంపెనీ బస్సు ఉంటే ఐదుంపావుకే వదిలేయండి. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ దాటి ఇల్లు చేరేసరికి వాళ్ళకు ఎంతవుతుందో మీకు తెలుసు.

ఇప్పుడు మీ క్లాసుల్లో జరిగినవి చెప్పండి, వింటాను.