తెలిసిన ఫైలు వేరు, మంచి ఫైలు వేరు

అందరికీ నమస్కారం. పరిచయాలకే అరగంట పోయింది, నేరుగా విషయానికొస్తాను.

ఏదో కేసులో ఆధారాలు వెతకమని మన ఫోరెన్సిక్ ల్యాబుకు ఒక కంప్యూటరు వచ్చిందంటే అందులో లక్షల ఫైళ్లుంటాయి. అన్నీ తెరిచి చూడటం అయ్యే పని కాదు. ఎక్కువ భాగం విండోస్‌వీ, ఆఫీస్‌వీ, ప్రింటరు డ్రైవర్లవీ. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ ఇలాంటి సాఫ్ట్‌వేర్లను సేకరించి, ప్రతి ఫైలుకూ హ్యాష్ కట్టి, ఆ జాబితాను ఉచితంగా ఇస్తోంది. నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ అంటారు. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. షా-256 అనే పద్ధతిలో కడితే 64 అక్షరాలు. ఫైలు పేరు మార్చినా అది మారదు, లోపల ఒక్క కామా మారిస్తే మొత్తం మారిపోతుంది. సిస్టం ఫైలు పేరు పెట్టి ఫొటో దాచినవాడు ఇక్కడే దొరికిపోతాడు.

హ్యాష్ కట్టే పాత పద్ధతి ఎండీ5 ఒక్కదాన్నే నమ్మకండి. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 వస్తుందని 2004లోనే చూపించారు. 2017లో షా-1 అనే ఇంకో పాత పద్ధతికీ అదే జరిగింది. సరే, ఇవన్నీ మీ పాఠాల్లో ఉన్నవే. నేను వచ్చింది వేరే మాట చెప్పడానికి.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కంపెనీలో లెక్కల వివరాలు బయటికి పోయాయి. రెండు కంప్యూటర్లు మా దగ్గరికొచ్చాయి. జాబితాతో పోల్చి, కలిసిన ఫైళ్లన్నీ పక్కకు తీసేశాం. మిగిలినవాటిలో ఏమీ దొరకలేదు. 'అనుమానించదగినదేమీ లేదు' అని రాసి సంతకం పెట్టాను. నేనే పెట్టాను. అనుమానం మూడో మనిషి మీదికి పోయింది. ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది.

నెలల తర్వాత మళ్లీ చూస్తే, మొదటి కంప్యూటర్లోనే ఫొటోల్లో సమాచారం దాచే స్టెగనోగ్రఫీ టూల్ ఉంది. అది జాబితాలో ఉంది కాబట్టే మా కంటికి కనబడలేదు! ఆ లైబ్రరీలో హ్యాకింగ్ స్క్రిప్టులు కూడా ఉంటాయి. అది తెలిసిన ఫైళ్ల జాబితా. మంచివని వాళ్లు ఎక్కడా అనలేదు, మేమే అనుకున్నాం. ఆ అమ్మాయిని తిరిగి పిలిచారు. రాలేదు.

బాబూ, అమ్మా, మీలో ఎంతమంది ఆ ఫిల్టర్ పెట్టేసి ముందుకు వెళ్లిపోతున్నారు? చేతులెత్తక్కర్లేదు. ఆ జాబితాలోనే ఫైలు ఏ ప్రోగ్రాముదో, అది ఏ రకం ప్రోగ్రామో కూడా రాసి ఉంటుంది. తీసేసే ముందు ఆ వరస ఒక్కసారి చదవండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్లో హ్యాష్ రాయాల్సిందే, దాని కింద మీ సంతకం ఉంటుంది. రేపు ల్యాబుకు వెళ్లగానే, పోయిన నెల మీరు పక్కకు తీసేసినవి ఒకసారి తెరవండి.