గొంతు కాడ గడ్డా? సూది పరీక్ష అయిందా?

వరంగల్ శ్రోతలందరికీ నమస్తే. మెడ మీద వచ్చే గడ్డలు చానా రకాలు, అన్నీ చెప్పే టైం లేదు, అందుకే ఒక్కామె సంగతే చెప్త.

నర్సంపేట దిక్కు నుంచి వచ్చింది, 40 ఏళ్లుంటయి, మిర్చి ఏరే పనికి పోతది. గొంతు ముందట రేగుపండంత మొదలైన గడ్డ 4 నెలల్ల నిమ్మకాయంత అయింది. రక్తపరీక్షల థైరాయిడ్ నార్మలే ఉన్నది, అయినా ఎవరో థైరాయిడ్ గోలి రాసిస్తే మింగుకుంట కూసున్నది, గడ్డ తగ్గలే. కూసోంగనే అడిగింది, "సారూ, కోస్తరా? కోస్తే నా మిర్చి పని పోతది."

నీళ్లు తాగమన్న. గుటకేసినప్పుడల్లా గడ్డ మీదికి లేస్తున్నది, అంటే చానా మటుకు థైరాయిడ్‌దే, గొంతు ముందటుండే గ్రంథిదే అన్నట్టు. కానీ వినండి, గుటకతోని గడ్డ ఏ ఇంట్ల ఉన్నదో తెలుస్తది, ఆ ఇంట్లకు వచ్చింది ఎవరో తెలవదు. రక్తపరీక్ష గూడ హార్మోన్ సంగతే చెప్తది, గడ్డ సంగతి చెప్పదు.

నిజం చెప్పాల్నంటే నేను క్యాన్సరేమో అని భయపడ్డ. స్కాన్ తీయించి, సన్న సూది పెట్టి గుంజితే చీము లెక్క వచ్చింది. మాపటిపూట జ్వరం వస్తదా అమ్మా అంటే అవును సారూ, ఒళ్లు గూడ తగ్గిన అన్నది, అప్పటిదాంక ఆమెను ఎవరూ అడగలే. ఆ చీమునే టీబీ పరీక్షకు పంపినం. టీబీ! థైరాయిడ్‌కు టీబీ రావుడు చానా అరుదు, కానీ వస్తది.

కోసుడు లేదు. 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు, సర్కారు దవాఖానల ఉచితమే. గడ్డ కరిగింది, ఆమె చేను పనికి పోయింది. నాకు ఆ రోజు ఎంత సంతోషమైందో.

సూది గుచ్చితే గడ్డ పాకుతదని మనోళ్లకు భయం. ఈ సన్న సూదితోని అట్ల అయ్యేది చానా చానా అరుదు, రక్తం తీసే సూదంత నొప్పే. కాబట్టి గోలి మొదలుపెట్టే ముందే, ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే అడగండి, సార్ సూది పరీక్ష అయిందా, అవసరమైతే అదే శాంపిల్ టీబీకి గూడ పంపుతరా అని. గొంతు బొంగురు పోయినా, దమ్ము ఆడకపోయినా, గడ్డ వారాల్లనే పెరిగినా మాత్రం ఆగొద్దు, అదే రోజు పోవాలె.

పరీక్షకు పోయేటప్పుడు పాత రిపోర్టులు, మింగే గోలీల పట్టీ తీస్కపోండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే సూది పెట్టకముందే చెప్పండి. గొర్లు కాసేటోళ్లైతే, ఇంట్ల కుక్కలుంటే అది గూడ చెప్పండి, కుక్కల నుంచి వచ్చే ఒక రకం పురుగు నీటిగడ్డ గూడ అరుదుగ మెడల వస్తది, దాన్ని సూదితోని ఊరికే గుచ్చొద్దు.