అన్న వదిలి వెళ్ళిన రిఫ్‌లు: ఏసీ/డీసీ ‘పవర్ అప్’ కథ

[స్క్రీన్ చీకటిగా ఉంటుంది. ఒక్క గిటార్ కార్డ్ మోగి ఆగిపోతుంది.]

2020 నవంబర్ 13న ఒక ఆల్బమ్ వచ్చింది. అందులో 12 పాటలు. ప్రతి పాటకీ రాసినవాళ్ళుగా రెండే పేర్లు: ఆంగస్ యంగ్, మాల్కమ్ యంగ్. మాల్కమ్ అన్న, ఆంగస్ తమ్ముడు. ఆల్బమ్ వచ్చేనాటికి అన్న చనిపోయి మూడేళ్ళకు ఐదు రోజులు తక్కువ.

ఈ రాక్ బ్యాండ్ పేరు ఏసీ/డీసీ. ఆల్బమ్ పేరు ‘పవర్ అప్’.

మనలో చాలామంది ఈ బ్యాండ్‌ని మొదట విన్నది ‘ఐరన్ మ్యాన్’ సినిమాలో. 2008లో వచ్చిన మొదటి భాగం ఎడారిలో మిలిటరీ బండ్లతో మొదలవుతుంది కదా, అక్కడ మోగేది వీళ్ళ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’. అది 1980 నాటి పాట. బ్యాండ్ అంతకన్నా పాతది, 1973లో సిడ్నీలో పుట్టింది. యంగ్ కుటుంబం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి 1963లో ఆస్ట్రేలియాకు వలస వెళ్ళింది. అక్క మార్గరెట్ కుట్టు మిషన్ మీద కనిపించిన అక్షరాలే బ్యాండ్ పేరయ్యాయి. ఆంగస్‌ని స్కూల్ యూనిఫామ్ వేసుకుని స్టేజీ ఎక్కమన్నది కూడా ఆమే.

[పాత కచేరీ ఫోటో. ముందు నిక్కరు వేసుకుని గెంతుతున్న ఆంగస్. కెమెరా మెల్లగా వెనక్కి, డ్రమ్స్ పక్కన నిలబడిన మనిషి మీదకు వెళుతుంది.]

అందరి కళ్ళూ ఆంగస్ మీదే ఉంటాయి. ఒక్కసారి వెనకాల చూడండి. డ్రమ్స్ పక్కన, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) ముందు, కదలకుండా నిలబడి వాయిస్తున్నాడే, ఆయనే మాల్కమ్. ఆయనది రిథమ్ గిటార్. సోలోలు తమ్ముడివి. పాటను మోసే రిఫ్, అంటే పదే పదే తిరిగి వచ్చే ఆ చిన్న గిటార్ వరస, అన్న చేతిలో ఉంటుంది. ఇల్లు చూసినప్పుడు రంగు కనిపిస్తుంది, దూలం కనిపించదు. మాల్కమ్ దూలం.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ బ్యాండ్ సౌండ్ అంతా ఇక్కడే ఉంది. హార్డ్ రాక్ అనగానే గిటార్ బరబరలాడాలి, డిస్టార్షన్ పెంచేయాలి అనుకుంటాం. మాల్కమ్ అలా చేయలేదు. తన గ్రెచ్ కంపెనీ గిటార్‌కి ఒక్క పికప్, అంటే తీగల మోతను పట్టి ఆంప్‌కి పంపే భాగం, ఉంచుకుని మిగతావి తీసేశాడు. లావు తీగలు వేసుకునేవాడు. మార్షల్ ఆంప్‌లో డిస్టార్షన్ తక్కువ పెట్టి, ఆ బలమంతా కుడిచేతితో తెచ్చేవాడు. అందుకే ఆయన కార్డ్, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాలు, కొడితే ప్రతి తీగ విడిగా వినిపిస్తుంది. రెండు దెబ్బల మధ్య నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఎడమ చెవిలో అన్న, కుడి చెవిలో తమ్ముడు.

[నిశ్శబ్దం. ఖాళీ స్టూడియోలో స్టాండ్ మీద ఒక గిటార్.]

2008లో ‘బ్లాక్ ఐస్’ ఆల్బమ్ వచ్చింది. ఆ టూర్ సమయానికే మాల్కమ్‌కి మతిమరుపు మొదలైంది. తాను చేసిన రిఫ్‌లనే కచేరీకి ముందు మళ్ళీ కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చేది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా వేళ్ళ మీద ఆడిన పాటలవి. 2014లో ఆయనకు డిమెన్షియా అని కుటుంబం ప్రకటించింది. ఆయన చోటుకి స్టీవీ యంగ్ వచ్చాడు. పెద్దన్న కొడుకు, వయసులో ఆంగస్ కన్నా ఏడాదిన్నర పైచిలుకు మాత్రమే చిన్న. 1988లో మాల్కమ్ తాగుడు మానడానికి టూర్ మధ్యలో ఆగినప్పుడు కూడా ఆదుకున్నది ఇతనే.

ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి. డ్రమ్మర్ ఫిల్ రడ్ న్యూజిలాండ్‌లో కేసులో ఇరుక్కుని 2015లో ఎనిమిది నెలల గృహ నిర్బంధం శిక్ష అనుభవించాడు. 2016 మార్చిలో గాయకుడు బ్రయాన్ జాన్సన్‌కి డాక్టర్లు గట్టిగా చెప్పారు: ఇలాగే పాడుతూ ఉంటే వినికిడి పూర్తిగా పోతుంది. మిగిలిన టూర్ గన్స్ అండ్ రోజెస్ గాయకుడు ఆక్సల్ రోజ్‌తో పూర్తి చేశారు. అది అయ్యాక బాస్ వాయించే క్లిఫ్ విలియమ్స్ రిటైర్ అయ్యాడు. 2017 అక్టోబర్‌లో వీళ్ళ మరో అన్న జార్జ్ యంగ్ పోయాడు. బ్యాండ్ తొలి ఆల్బమ్‌లను ప్రొడ్యూస్ చేసిన మనిషి ఆయన. నెల తిరగకుండా, నవంబర్ 18న, 64 ఏళ్ళకు మాల్కమ్ పోయాడు.

ఇక అయిపోయిందనే అందరం అనుకున్నాం.

[వాంకూవర్ వీధి. పాత ఇటుక భవనం.]

2018 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్ నుంచి ఫోటోలు బయటికొచ్చాయి. వేర్‌హౌస్ స్టూడియో బాల్కనీలో బ్రయాన్ జాన్సన్, ఫిల్ రడ్ నిలబడి ఉన్నారు. అభిమానులకు అంతకన్నా ఇంకేం కావాలి! క్లిఫ్ కూడా వచ్చాడు, స్టీవీ ఉన్నాడు. ప్రొడ్యూసర్ బ్రెండన్ ఓబ్రయన్, అంతకుముందు రెండు ఆల్బమ్‌లు చేసినవాడే.

మరి పాటలు ఎక్కడివి? అన్నదమ్ములిద్దరూ కలిసి కూర్చుని రిఫ్‌లు వాయించి రికార్డు చేసి దాచుకునేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి పోగైన టేపుల్లోంచి ఆంగస్ ఏరుకున్నాడు. చాలా వరకు ‘బ్లాక్ ఐస్’ కి ముందు చేసుకున్నవి. అంటే ఈ ఆల్బమ్‌లో మాల్కమ్ గిటార్ వినిపించదు, ఆయన ఆలోచన వినిపిస్తుంది. వాయించింది స్టీవీ.

[ఎరుపు నియాన్ వెలుగులో బ్యాండ్ లోగో.]

ఆల్బమ్ మొత్తం 41 నిమిషాలు. ‘రియలైజ్’ తో మొదలై ‘కోడ్ రెడ్’ తో ముగుస్తుంది. ‘డీమన్ ఫైర్’ లో బ్రయాన్ గొంతు తగ్గించి, గొణిగినట్టుగా మొదలుపెడతాడు. రికార్డింగ్ నాటికి ఆయనకు 70 ఏళ్ళు. ‘మనీ షాట్’ లాంటి పాటల్లో సాహిత్యం నాకు నచ్చలేదు, ఈ వయసులో అవసరం లేని చిల్లర మాటలు. కానీ ‘త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్’ వేరు. గిటార్ మెరుస్తూ మొదలవుతుంది, వెనక గొంతులు కలుస్తాయి. ఈ బ్యాండ్ పాటల్లో ఇంత దిగులు అరుదు. వెనక్కి తిరిగి పాత రోజులను చూస్తున్న మనిషి పాట అది. నేను మాల్కమ్ గురించే అనుకుని వింటాను.

వీళ్ళు ఎప్పుడూ ఒకే ఆల్బమ్ చేస్తారని కొందరు విసుక్కుంటారు. ఒప్పుకుంటాను, కొత్తదనం కోసం వెతికితే ఇక్కడ దొరకదు. కానీ ఈసారి ఆంగస్ ముందున్న పని కొత్తది కనిపెట్టడం కాదు కదా. అన్న ఏ దెబ్బ ఎక్కడ కొట్టి ఎక్కడ ఆగేవాడో, అక్కడే ఆగాలి. మూడు కార్డ్‌ల పాటలో ఆ ఆగడమే కష్టం. స్టీవీ ఆ కష్టం తెలిసి వాయించాడు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా చార్ట్‌లలో ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది. కోవిడ్ వల్ల కచేరీలు మాత్రం కుదరలేదు. ఈలోగా స్టీఫెన్ ఆంబ్రోస్ అనే నిపుణుడు బ్రయాన్ చెవుల కోసం ప్రత్యేక పరికరం తయారుచేశాడు. మొదట్లో అది కారు బ్యాటరీ అంత ఉండేదట.

[స్టేజీ లైట్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

2023 అక్టోబర్ 7, కాలిఫోర్నియాలోని ఇండియో. ఏడేళ్ళ తర్వాత ఏసీ/డీసీ మళ్ళీ స్టేజీ ఎక్కింది. ముందు ఆంగస్, 68 ఏళ్ళ వయసులో. వెనకాల ఆంప్ ముందు స్టీవీ. కోరస్ వచ్చినప్పుడు మైక్ దగ్గరకు నడిచి వస్తాడు, పాడతాడు, మళ్ళీ వెనక్కి వెళ్ళి తన చోట నిలబడతాడు.

మాల్కమ్ కూడా అలాగే చేసేవాడు.