హంగేరీ పేర్లు: నోరు తిరగాల్సిన తీరు

అందరికీ నమస్కారం.

2002లో కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన అతి పిన్న మహిళగా నిలిచారు. అంతకుముందు ఆ రికార్డు హంగేరీ క్రీడాకారిణిది. మనం జుడిత్ పోల్గార్ అంటాం. బుడాపెస్ట్‌లో ఆమె పొల్గార్ యుదిత్. మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు.

చిక్కంతా ఇంగ్లిష్ అలవాటుతో చదవడంలో ఉంది. హంగేరియన్‌లో ‘జె’ ఎప్పుడూ య: యానోష్. ‘ఎల్‌-వై’ జంట కూడా యనే: మిహాయ్. ఒంటి ‘ఎస్’ ష. దాని వెనక ‘జెడ్’ వస్తే స. అందుకే ఇష్త్వాన్, ఆగ్నెష్, కానీ లాస్లో. అవే రెండక్షరాలు తారుమారై ‘జెడ్‌-ఎస్’ అయితే పలుకు మళ్లీ మారుతుంది: ష అంటూనే గొంతు మోగించాలి. యోజెఫ్ పేరు నడుమ ఉన్నది అదే; రెండక్షరాలూ విడదీసి ‘యోజ్‌సెఫ్’ అంటే తప్పు. ‘సి’ ఒక్కటే ఉంటే చాప, చుక్కల్లోని దంత్య చకారం. ఫెరెంౘ్ అనే పేరు చివర వినపడేది అదే.

‘టి’, ‘డి’లు మన త, దలే. 2023లో వైద్యంలో నోబెల్ అందుకున్న కరికో గారు కటాలిన్ కాదు, కతలిన్. అందులో ‘క’, ‘త’ అక్షరాల మీది అచ్చు పొట్టిది, అ–ఒల నడుమది. పెదవులు కాస్త గుండ్రంగా ఉండాలి. పైన గీత ఉంటేనే నిండు ఆ.

అన్నిటికంటే కష్టం ద్యొర్ద్య్. దీన్ని ఇంగ్లిష్‌లో జార్జ్ అంటారు. నాలుక కొనను కింది పళ్ల వెనక వాల్చి, నడిమి భాగాన్ని అంగిటికి ఆనించి ద పలకండి. ద, య విడివిడిగా కాక ఒకే దెబ్బలో రావాలి. తర్వాతి అచ్చు కోసం ఎ అంటూ, నాలుక కదపకుండా, పెదవులు సున్నాలా చుట్టండి. చివర అచ్చు లేదు. మనకు అలవాటైన ఉకారం అక్కడ తగిలిస్తే పేరు చెడుతుంది. చుట్టిన ఎకారమే దీర్ఘమైతే రూబిక్ క్యూబ్ సృష్టికర్త పేరు చివర వచ్చే ధ్వని: ఎర్నో. దీని ముందు మన నోరు య చేరుస్తుంది, ‘యెర్నో’ అనకండి.

ద్విత్వాలు మనవే. అన్న అనే ఆడపిల్ల పేరులో న్న ఒత్తి పలకాలి; ఒంటి నకారంతో సరిపెట్టకూడదు.

ఇక ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. గీత దీర్ఘానికి గుర్తు, ఊనికకు కాదు. మనం దీర్ఘం కనపడగానే అక్కడే నొక్కేస్తాం. ఇష్త్వాన్‌తో సాధన చేయండి: ఇ మీద నొక్కండి, వా దగ్గర గొంతు పెంచకుండా సాగదీయండి.