నెల్లూరు స్టూడియో చర్చ: బాకీ అడగడానికి ఊళ్లో ఫ్లెక్సీ కట్టాలా?

కోవూరు వైపు ఒక పల్లెలో టీ కొట్టు పక్కన ఒక రొయ్యల రైతు ఫొటో వేసి, కింద బాకీ ఎంతో అంకెలతో సహా రాసి ఫ్లెక్సీ కట్టారు. కట్టింది మేత బాకీ వసూలుకు కుదుర్చుకున్న మనుషులు. ఆ ఫొటో వాట్సాప్‌లో జిల్లా అంతా తిరిగాక నెల్లూరులో ఒక కేబుల్ ఛానల్ వాళ్లు చర్చ పెట్టారు. అందులో ముఖ్యమైన భాగం మాటలు మార్చకుండా ఇక్కడ పెడుతున్నా. రెండు పక్షాలకూ సమానంగా సమయం ఇస్తామని మొదట్లోనే చెప్పారు గానీ రైతుకు ఆ సమయం దక్కలేదు, నాకు ఆ బాధ ఇంకా పోలేదు.

కూర్చున్నవాళ్లు: యాంకర్, రొయ్యల మేత డీలర్, నెల్లూరు కోర్టులో ప్రాక్టీస్ చేసే లాయర్, వ్యాపారుల బాకీలు వసూలు చేసిపెట్టే ఏజెన్సీ నడుపుతున్న మేడం, ఇందుకూరుపేట మండలం నుంచి వచ్చిన రైతు. ఫ్లెక్సీలో ఉన్న రైతు ఈయన కాదు.

యాంకర్: సూటిగా మొదలుపెడదాం. డీలర్ గారూ, ఈ వసూలు ఏజెన్సీలకు లైసెన్స్ ఉండాలా, వద్దా?

డీలర్: లైసెన్స్ సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు నా మాట వినండి. ఫ్లెక్సీ కట్టడం తప్పే, నేనేం సమర్థించడం లేదు. కానీ అందరికీ ఫ్లెక్సీ ఒక్కటే కనపడుతోంది, దాని వెనక డీలర్ పడే టెన్షన్ ఎవరికీ పట్టదు. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే రోజు రైతు వస్తాడు, అన్నా మేత పంపు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) కాగానే కట్టేస్తానంటాడు. కంపెనీ నాకు ఊరికే ఇవ్వదు కదా, నేను బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) వాడి, వడ్డీ కట్టుకుంటూ సరుకు తెచ్చి ఆయన చెరువు గట్టు మీద దించుతా. వైట్ స్పాట్ తెగులు వచ్చి నెలన్నరకే చెరువు ఎత్తేశాడనుకోండి, నూరు కౌంట్ (కిలోకు నూరు రొయ్యలు) కూడా రాదు. ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తడు.

రైతు: చెరువు పోయినోడు ఏం మొహం పెట్టుకుని...

డీలర్: ఒక్క నిమిషం పెద్దాయనా, నన్ను పూర్తి చేయనీ. ఫోన్ ఎత్తి, అన్నా నష్టపోయా, ఆరు నెలలు ఆగు అంటే నేను ఆగనా? ఎత్తకపోవడమే నా బాధ. పైగా పక్క మండలంలో ఇంకో డీలర్ దగ్గర కొత్త ఖాతా తెరుస్తాడు.

యాంకర్: అందుకే అడుగుతున్నా, లైసెన్స్ ఉన్న ఏజెన్సీ అయితే ఇలా ఫ్లెక్సీ కడుతుందా? మేడం, మీకు లైసెన్స్ ఉందా?

మేడం: వ్యాపారుల బాకీలు వసూలు చేసేవాళ్లకు మన దేశంలో విడిగా లైసెన్స్ చట్టమంటూ లేదండీ. బ్యాంకుల రికవరీ ఏజెంట్లకు మాత్రం ఆర్‌బీఐ నిబంధనలున్నాయి, ఐఐబీఎఫ్ అనే బ్యాంకింగ్ శిక్షణ సంస్థ పెట్టే పరీక్ష ఉంది. 2022 ఆగస్టులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. అది బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకే. మేత కొట్టుకు వర్తించదు. అయినా మేము అదే పద్ధతి పెట్టుకున్నాం. ఫైల్ తీసుకోగానే...

యాంకర్: అంటే లైసెన్స్ లేదు! ప్రేక్షకులు గమనించాలి.

మేడం: లేకపోవడం నేరమేం కాదు సార్, చెప్పనివ్వండి. ఫైల్ తీసుకోగానే మొదట పార్టీకి లెక్క పంపుతాం, ఇంత బాకీ అని మా దగ్గర ఉంది, మీ పుస్తకంలో ఎంతుంది అని రాతపూర్వకంగా అడుగుతాం. తేడా ఉందంటే ఫైల్ ఆపేసి ఓనర్ దగ్గరికే తిప్పి పంపుతాం. మాట్లాడేది బాకీదారుతోనే. భార్యతో, అన్నదమ్ములతో, పక్కింటివాళ్లతో ఆ సంగతే ఎత్తం. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ వాళ్ల బాకీ ఇట్లాగే వాయిదాల మీద...

డీలర్: మేడం, మీరు గ్రానైట్ వాళ్లతో మాట్లాడతారు, వాళ్లకు ఆఫీసుంటుంది, అకౌంటెంట్ ఉంటాడు. నా రైతుకు చెరువు గట్టు మీద గుడిసె, చేతిలో ఫోన్, అంతే. ఆ ఫోన్ ఎత్తడు. లెటర్ పంపితే తీసుకోడు.

లాయర్: తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో...

డీలర్: చట్టం డీలర్‌కు లేదు లాయర్ గారూ! 45 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం ఉందంటారు, అది నాకు వర్తించదట. మరి నేనెక్కడికి పోవాలి?

లాయర్: ఆ మాట నిజమే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతలు, నెల నెలా చక్రవడ్డీ. కానీ అది సరుకు తయారుచేసేవాళ్లకు, సేవలు ఇచ్చేవాళ్లకు. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపేవాళ్లు వాడుకోవచ్చు. వ్యాపారులకు 2021 జులైలో ఉద్యమ్ (చిన్న సంస్థల నమోదు) రిజిస్ట్రేషన్ ఇచ్చారు గానీ అది బ్యాంకు రుణాల కోసమే, ఈ వడ్డీ హక్కు రాలేదు.

డీలర్: చూశారా! నేను చెప్పింది అదే. డీలర్ అంటే ఎవరికీ పట్టదు. 2025 ఆగస్టులో అమెరికా వాడు 50 శాతం సుంకం వేశాడు, ఇక్కడ చెరువు గట్టు మీద రేటు పడింది, రైతు నష్టపోయాడు. ఆ నష్టం ఎక్కడికొచ్చింది? నా ఖాతా పుస్తకంలోకొచ్చింది.

యాంకర్: సుంకం సంగతి మంచి పాయింట్. పెద్దాయనా, అప్పుడు మీకు కౌంట్‌కు ఎంత తగ్గింది?

[ఇక్కడినుంచి చాలాసేపు మాట రొయ్య రేట్ల మీదికి, అక్కడినుంచి ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కరెంటు బిల్లు మీదికి, యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చే సబ్సిడీ కరెంటు ఎవరికి అందుతోంది అనే గొడవ మీదికి వెళ్లింది. వసూలు మాట రాలేదు కాబట్టి ఆ భాగం వదిలేశా.]

లాయర్: మళ్లీ విషయానికి వద్దాం. డీలర్ గారూ, మీరు తెచ్చిన ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా?

[డీలర్ ఖాతా పుస్తకం ఇచ్చారు. లాయర్ పేజీ తెరిచి కెమెరాకు చూపించారు. 25 కిలోల బస్తాలు ఇన్ని అని తేదీల వారీగా, మధ్యలో మినరల్స్, ప్రోబయాటిక్స్, కుడివైపు జమ గడి. అంతా ఒకే చేతిరాత.]

లాయర్: ఇందులో రైతు సంతకం ఎక్కడుందండీ?

డీలర్: మా గుమస్తా రాస్తాడు. మా మధ్య నమ్మకం.

లాయర్: చివరి జమ పడి మూడేళ్లు కావస్తోంది. మామూలుగా డబ్బు దావాకు మూడేళ్లే గడువు. గడువు లోపల రైతు బాకీ ఒప్పుకుని సంతకం చేసినా, కొంత కట్టి నోటు వెనక తన సంతకంతో చెల్లు రాసినా గడువు మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. మీరు ఆ సంతకం ఒక్కటి తీసుకుని ఉంటే ఫ్లెక్సీ కట్టే మనుషులతో పనే ఉండేది కాదు. ఈ కాగితం చేతిలో లేదు కాబట్టే వీధిలోకి పోతున్నారు.

డీలర్: సంతకం అడిగితే రైతు వేరే కొట్టుకు పోతాడు సార్! మీకు వ్యాపారం తెలియదు.

రైతు: నేను పెడతా సంతకం. లెక్క చూపించి పెట్టించుకోమనండి. బాకీ లేనని నేనెప్పుడూ అనలేదు. వడ్డీ ఏ తేదీ నుంచి వేశారు, నూటికి ఎంత వేశారు, తిరిగిచ్చిన బస్తాలు తీసేశారా లేదా, అదే అడిగా. చెప్పకుండా ఇద్దరు కుర్రోళ్లను బండి మీద పంపారు. నేను చెరువు కాడ ఉంటే ఇంటికి పోయి, మా అమ్మాయి అత్తగారి ఊరు ఏదని మా ఆడాళ్లను అడిగారయ్యా. మొదట్లో సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు కూడా తీసుకున్నారు, అవి ఇప్పుడు...

యాంకర్: చూశారా, ఆ కుర్రోళ్లకు లైసెన్స్ ఉంటే ఇలా జరిగేదా?

లాయర్: ఖాళీ చెక్కు మాట వదిలేయకండి. సంతకం పెట్టి మనమే చేతికిచ్చిన చెక్కు ఖాళీదైనా, అది బాకీ కోసం ఇచ్చిందే అనుకుంటుంది కోర్టు, కాదని చూపించాల్సింది ఇచ్చినవాళ్లే. 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చేముందు అంకె వేసి, జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. డీలర్ల వైపు చూస్తే, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందిన తర్వాత 15 రోజులు ఆగాలి, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కేసు వేయాలి. తేదీలు తప్పి మా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.

డీలర్: కేసు వేస్తే ఎన్నేళ్లు? నా మనవడు చూస్తాడా తీర్పు?

లాయర్: కేసు దాకా ఎందుకు? జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెడితే ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. వాణిజ్య వివాదం 3 లక్షలు, ఆపైన అయితే, అత్యవసర ఉత్తర్వు కావాల్సి వస్తే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాకే దావా వేయాలి.

డీలర్: ఫ్లెక్సీలో ఉన్నది అబద్ధమా? నిజమే కదా రాశారు?

లాయర్: నిజమైనంత మాత్రాన సరిపోదు. ఆ నిజం బయటపెట్టడం ప్రజల మేలుకు అవసరమైతేనే పరువు నష్టం నేరం నుంచి మినహాయింపు. ఒకరి మేత బాకీ టీ కొట్టు దగ్గర చదవాల్సిన అవసరం ఊరికి ఏముంది? బీఎన్‌ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 356 పరువు నష్టం, 351 బెదిరింపు. పంపినవాళ్లూ ఇరుక్కుంటారు, కట్టినవాళ్లు మాత్రమే కాదు.

మేడం: ఇంకోటి చెప్పాలి. మా లైన్‌లో వసూలైతేనే కమీషన్ అనే ఒప్పందాలున్నాయి. కుర్రోడికి జీతం లేకుండా అచ్చంగా కమీషన్ మీద పెడితే వాడు ఇంటిమీదికి పోక ఏం చేస్తాడు? ఏజెన్సీకి పని అప్పగించేటప్పుడు, వీళ్లకు జీతం ఎలా ఇస్తారు, కాల్స్ రికార్డు చేస్తారా, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా అని వ్యాపారి అడగాలి. ఎవరూ అడగరు, ఎంత శాతం అని...

డీలర్: శాతం అడక్క ఏం అడుగుతారు మేడం? సార్, ఒక్క మాట. ఈ చర్చ చూసి రేపు రైతులందరూ, చూశారా డీలర్లు మమ్మల్ని ఏం చేయలేరు అనుకుంటే ఈ సీజన్‌కు మేత ఎవరిస్తారు? నేనివ్వను. నాలాంటోళ్లు ఎవరూ ఇవ్వరు. అప్పు ఆగితే చెరువులు ఎండుతాయి, అంతే.

[ఆ మాటతో స్టూడియో మొత్తం ఆయన వైపు తిరిగింది. యాంకర్ కూడా తలూపారు. తర్వాత దాదాపు ఐదు నిమిషాలు ఆయనే మాట్లాడారు, ఓడీ వడ్డీ, కంపెనీ టార్గెట్లు, ఎగ్గొట్టి ఊరు మారినవాళ్ల కథలు. ఇందులో చాలావరకు నిజమే, కానీ ఫ్లెక్సీ గురించి ఒక్క ముక్క లేదు.]

యాంకర్: అప్పు ఆగితే చెరువులు ఎండుతాయి, చాలా బలమైన మాట. ఇక చివరికొచ్చాం. ఒక్క మాటలో, లైసెన్స్ కావాలా?

మేడం: శిక్షణ కావాలి, రసీదు కావాలి. ఒక్క లైసెన్స్‌తో...

యాంకర్: కావాలన్నారు. లాయర్ గారూ?

లాయర్: ఉన్న చట్టాలు వాడుకుంటే...

డీలర్: పెట్టండి సార్ లైసెన్స్, మంచిదే. కానీ ఎగ్గొట్టేవాళ్ల జాబితా కూడా పెట్టండి, జిల్లాలో ప్రతి డీలర్‌కూ తెలిసేలా.

యాంకర్: ఇది కొత్త ఆలోచన, దీని మీద వచ్చే వారం మాట్లాడదాం.

రైతు: అయ్యా, వడ్డీ ఏ తేదీ నుంచి వేశారో...

యాంకర్: సమయం అయిపోయింది పెద్దాయనా. నమస్కారం.