పాత పికప్‌కు ఏ బ్రేక్ ప్యాడ్లు వేయించాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పాత పికప్ బండ్లకు బ్రేక్ ప్యాడ్లు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి బండిని ఆపే దిమ్మలు, ఎంచుకోవడం ఈనాటి అంశం. చిరకాలం మెకానిక్‌గా పనిచేసి, ఇప్పుడు ఐటీఐ విద్యార్థులకు పాఠాలు చెబుతున్న నిపుణులు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ తుని నుంచి వచ్చింది. చెప్పండి.

శ్రోత (తుని): నమస్కారమండీ. మా బొలెరో పికప్ కొని పదేళ్ళు దాటింది. ముందు చక్రాల ప్యాడ్లు మార్చాలన్నారు. షోరూములో చెప్పిన ధరలో సగానికే బయట షాపులో దొరుకుతున్నాయి. అవి వేయించుకోవచ్చునా?

నిపుణుడు: ధర తక్కువైనంత మాత్రాన నకిలీవని అనుకోనవసరం లేదమ్మా. రాణే, బ్రేక్స్ ఇండియా వంటి సంస్థలు బండ్ల కంపెనీలకూ సరఫరా చేస్తాయి, తమ పేరుతో బజారులోనూ అమ్ముతాయి. అటువంటివి బిల్లు తీసుకుని కొనండి. అట్టపెట్టెను చూసి మోసపోకుండా ప్యాడును చేతిలోకి తీసుకుని చూడండి: వెనక ఇనుప పలక మీద పార్ట్ నంబరు, బ్యాచ్ నంబరు స్పష్టంగా ఉండాలి, లైనింగు, అంటే అరిగే పొర, పలకకు అంటుకున్న చోట గోరు దూరేంత సందు కూడా ఉండకూడదు. ఒకే పేరుతో వచ్చిన బండిలోనే తయారైన సంవత్సరాన్ని బట్టి, ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ మారిపోతుంది కనుక, పాత ప్యాడును వెంట తీసుకువెళ్ళి, ఛాసిస్ నంబరు కూడా చెప్పి అడగండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాతి శ్రోత నరసరావుపేట నుంచి.

శ్రోత (నరసరావుపేట): నమస్కారం సార్. నేను గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలుతుంటాను. మాది 2011 మోడల్ పికప్. మా నాన్నగారు ఉన్నప్పుడు ఒక్కసారి ప్యాడ్లు వేయిస్తే చాలా కాలం వచ్చేవి. పోయిన వేసవిలో నేను వేయించినవి సంక్రాంతికే అరిగిపోయాయి. అంతకుముందు వేరే కంపెనీవి వేస్తే అవీ అంతే. మా మెకానిక్ ఒక పేరు చెబుతాడు, షాపాయన ఇంకో పేరు చెబుతాడు, మా బావమరిది ఢిల్లీ సరుకు బాగుంటుందంటాడు. అసలు ఏ కంపెనీ ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయో చెప్పండి సార్.

నిపుణుడు: కంపెనీ సంగతి తరువాత చూద్దాం. తీసేసిన పాత ప్యాడ్లు మీ దగ్గర ఉన్నాయా?

శ్రోత: లేవు సార్, మెకానిక్ పారేశాడు.

నిపుణుడు: అందరూ చేసే పొరపాటు ఇదే. పాత ప్యాడును పారేయవద్దని నా విద్యార్థులకు కూడా రోజూ చెబుతుంటాను. లోపలి ప్యాడు పలక దాకా అరిగి, బయటిది సగం మిగిలి ఉంటే, కాలిపర్ జరిగే పిన్నులైనా పట్టేసి ఉండాలి, ప్యాడును నెట్టే పిస్టనైనా వెనక్కి రాకుండా ఉండాలి. ఒక పక్క వాలుగా అరిగినా జబ్బు కాలిపర్‌లోనే ఉంటుంది. అద్దంలా మెరుస్తూ నున్నగా ఉంటే విపరీతంగా వేడెక్కిందని అర్థం. ఇవేవీ చూడకుండా ఎంత మంచి కంపెనీవి వేయించినా మళ్ళీ అలాగే అరిగిపోతాయి. సరే, బండికి లోడు ఎంత వేస్తారు?

శ్రోత: యాభై టిక్కీల దాకా వేస్తామండీ.

నిపుణుడు: టిక్కీ నలభై కిలోలకు తగ్గదు కదా. అంటే రెండు టన్నులు దాటింది. ఆర్‌సీలో ఎంత ఉంది?

శ్రోత: టన్నుంబావు ఉన్నట్టుంది. అందుకనే వెనక కమానులకు, అంటే స్ప్రింగులకు, ఒక పట్టీ ఎక్కువ వేయించాము సార్, బండి ఇప్పుడు అస్సలు కుంగదు. మరి ప్యాడ్లు ఏ కంపెనీవి తీసుకోమంటారు?

నిపుణుడు: అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నారు బాబూ, నన్ను చెప్పనివ్వండి. మీ ప్యాడ్లను తింటున్నది ఆ పట్టీయే కావచ్చు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ, దాని పైన ఒక వాల్వు ఉంటాయి. లోడు పడి ఛాసిస్ కుంగినప్పుడు కడ్డీ కదిలి, వాల్వు తెరుచుకుని, వెనక చక్రాలకు బ్రేక్ ఒత్తిడి ఎక్కువగా వెళుతుంది. పట్టీ వేసి బండి కుంగకుండా చేస్తే, రెండు టన్నులు మోస్తున్నా వాల్వుకు మాత్రం అది ఖాళీ బండే. వెనక బ్రేకులు సగం పనే చేస్తాయి, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. కొందరు మెకానిక్‌లు ఆ కడ్డీ విరిగితే తీగతో కట్టేసి వదిలేస్తారు, అది మరీ ప్రమాదం. మీ బండికి ఆ వాల్వు ఉందో లేదో, ఉంటే కడ్డీ స్వేచ్ఛగా కదులుతోందో లేదో ముందు చూపించండి. హ్యాండ్ బ్రేక్ ఎంత దూరం లేస్తోంది?

శ్రోత: బాగా పైకి లేపాలి సార్.

నిపుణుడు: చూశారా! వెనక చక్రాల బ్రేక్ డ్రమ్ములలో, ప్యాడ్ల వంటి పనే చేసే షూలు అరిగిపోయాయో, సర్దుబాటు తప్పాయో. డ్రమ్ములు విప్పించి, షూలను నెట్టే వీల్ సిలిండర్ నుంచి ఆయిల్ కారుతోందేమో చూసి, ఆ పని అయ్యాకే ముందు చక్రాల ప్యాడ్లు కొనండి. విప్పినప్పుడు ఆ దుమ్మును గాలి కొట్టి ఊదించవద్దు, పాత లైనింగులలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక తడిబట్టతో తుడిపించండి.

శ్రోత: అలాగే సార్. అయితే ఫలానా కంపెనీ అని ఒక్క పేరు...

నిపుణుడు: పేరు చెబితే మీరు అదొక్కటే కొని, మిగిలినవన్నీ మరచిపోతారు. లోడు బండికి సెమీ మెటాలిక్, అంటే లోహం కలిపిన రకం అడగండి, వేడిని బాగా తట్టుకుంటుంది. ప్యాడు అంచున ఎఫ్ఎఫ్ (FF) అనో, జీఎఫ్ (GF) అనో రెండు అక్షరాలు ఉంటే, మొదటిది మామూలు వేడిలోనూ రెండవది ఎక్కువ వేడిలోనూ పట్టు ఎంతో చెబుతాయి. ఎఫ్ అంటే ఆ పట్టు, అంటే ఘర్షణ గుణకం, 0.35 నుంచి 0.45 వరకు. రెండవ అక్షరం ‘ఈ’ (E) అయితే వేడిలో పట్టు తగ్గుతుందన్నమాట, మీకు అది వద్దు. ఈ అక్షరాలు మన్నికను చెప్పవు. రెండు ముందు చక్రాలకూ ఒకేసారి మార్చండి. యాభై టిక్కీలను ముప్ఫైకి తగ్గించండి, ప్యాడ్లకు అంతకంటే మంచి మందు లేదు.

వ్యాఖ్యాత: ఈ ఫోన్‌కు చాలా సమయం తీసుకున్నాము. పాడేరు నుంచి శ్రోత వేచి ఉన్నారు, క్లుప్తంగా అడగండి.

శ్రోత (పాడేరు): సార్, ఘాట్ దిగేటప్పుడు మాడిన వాసన వచ్చి, పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. ప్యాడ్లు మార్చాలా?

నిపుణుడు: ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చండి. పెడల్ మెత్తబడితే మాత్రం ముందుగా బ్రేక్ ఆయిల్‌ను అనుమానించాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, నిర్ణీత మోతాదులో తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వచ్చి పెడల్ దిగిపోతుంది. ఆయిల్ మార్పించి, బ్రేక్ గొట్టాలలోని గాలి తీయించండి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. డీజిల్ కలిసి వస్తుందని ఇంజన్ ఆపి దిగేవారు ఉన్నారు, అలా ఎన్నడూ చేయవద్దు. ఇంజన్ ఆగితే బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే వాక్యూమ్ పంపు ఆగుతుంది, రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ బండరాయి అవుతుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కరీంనగర్ నుంచి మరొకరు.

శ్రోత (కరీంనగర్): సార్, సిరామిక్ ప్యాడ్లు మంచివంటున్నారు, పికప్‌కు వేసుకోవచ్చా?

నిపుణుడు: చప్పుడు, దుమ్ము తక్కువ. ఊరిలో తేలిక సరుకు తిప్పే బండికైతే సరే. కంకర తోలే బండికి వద్దు.

శ్రోత: మరి డిస్కు కూడా...

వ్యాఖ్యాత: లైను తెగినట్టుంది. డిస్కు గురించి మీరే చెప్పండి.

నిపుణుడు: డిస్కు మీద కనీస మందం ముద్రించి ఉంటుంది. అంతకంటే పలచబడితే లేత్ పట్టించకుండా మార్చేయాలి. కాలిపర్ పిన్నులకు మామూలు గ్రీజు పూయించవద్దు, రబ్బరు ఉబ్బి పట్టేస్తుంది, బ్రేకులకని అమ్మే గ్రీజే వాడాలి. కొత్త ప్యాడ్లు వేయగానే బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కండి, లేకపోతే మొదటి బ్రేకుకే బండి గోడను తాకుతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు బలంగా బ్రేకు తొక్కవద్దు. పాత ప్యాడ్లు మాత్రం...

వ్యాఖ్యాత: పారేయవద్దు! సమయం ముగిసింది. వచ్చే వారం టైర్ల గురించి మాట్లాడుకుందాం. నమస్కారం.